పదిహేడో వరస

మా అప్ప వేసిన లెక్కలో తప్పు లేదు. ఈ ముక్క చెప్పాల్సిన రోజున, చెప్పాల్సిన మనిషి ఎదురుగా నిలబడి కూడా నేను చెప్పలేదు. ఇప్పుడు అప్ప లేదు, ఆ మనిషీ లేడు. అడిగేవాళ్లెవరూ మిగలనప్పుడు నిజం చెప్పడానికి పెద్ద గుండె ఏమీ అక్కర్లేదు. అందుకే రాస్తున్నాను.

అక్కని మా వైపు అప్ప అంటాం. అరవైల్లో, ఆ దశాబ్దం సగం దాటాక, మేమిద్దరం అనకాపల్లిలో బెల్లం మార్కెట్టుకి దగ్గరగా రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నాన్న పోయి చాలా కాలమైంది. అమ్మ అంతకు ముందు ఏడాది పోయింది. అప్పని రోలుగుంట ఇచ్చారు. పెళ్లయిన మూడో ఏట బావ విషజ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. ఆ తర్వాత ఐదేళ్లు ఆమె బావగారి అన్న ఇంట్లో ఉంది. పొద్దున్న లేచి పేడ ఎత్తడం, పదకొండు మందికి వండడం, అందరూ తిన్నాక గిన్నెలో ఏది మిగిలితే అది తినడం. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పేరు పెట్టి పిలవడం మాత్రం మానేశారు. "ఓయ్" అంటే పలకాలి.

అమ్మ జబ్బుపడితే చూడ్డానికని వచ్చి అప్ప ఇక్కడే ఉండిపోయింది. అమ్మ పోయాక ఆ అన్నగారు, నేను పెద్దబావ అనేవాణ్ణి, రెండుసార్లు ఎడ్లబండి కట్టుకుని తీసుకెళ్లడానికి వచ్చాడు. మొదటిసారి ఏడాది మాసికాలు అవనివ్వమని పంపేశాం. రెండోసారి వచ్చేసరికి అప్పకి ఉద్యోగం దొరికింది. పట్నంలో ఆఫీసు ఉద్యోగమని విని, చుట్ట ఆర్పుకుని, ఖాళీ బండితో వెళ్లిపోయాడు. అంటే అప్పకి ఆ ఉద్యోగం జీతం కోసం కాదు. ఆ బండి ఎక్కకుండా ఉండడానికి. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

నేను రోజూ పాసింజరు రైల్లో విశాఖపట్నం వెళ్లి ఫిజిక్సులో పరిశోధన చేసేవాణ్ణి. లోహాల్లో ఎలక్ట్రాన్లు ఎలా నడుస్తాయో లెక్కగట్టడం మా పని. పెద్ద లెక్కలు వేసే యంత్రాలు ఎక్కడో పెద్ద ఊళ్లలో ఉన్నాయని వినడమే గాని మేం చూడలేదు. మా డిపార్ట్‌మెంటు రిజిస్టర్లో కంప్యూటర్ అంటే ఒక మనిషి. కూచుని లెక్కలు వేసిపెట్టే తాత్కాలికపు ఉద్యోగి. అప్పటిదాకా చేసిన ఆయనకి కళ్లు ఆనక మానేస్తే, అప్ప వేసిన నాలుగు షీట్లు పట్టుకెళ్లి మా గైడుగారికి చూపించాను. అప్ప చదివింది స్కూల్ ఫైనలే గాని నాకు లెక్కలు నేర్పింది ఆమే. గైడుగారు షీట్లు అటూ ఇటూ తిప్పి, "ఈ చేతిరాత ఎవరిదోగాని, కొట్టివేత ఒక్కటి లేదయ్యా," అన్నారు. ఇంటి దగ్గరే పని చేసుకోవచ్చని, పాత చేతిమిషన్ ఒకటి ఇంటికి పంపించారు. దాన్ని తువ్వాలులో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, రైల్లో తెచ్చాను.

ఆ మిషన్‌కి పక్కన ఇనప పిడి ఉండేది. ముందుకి తిప్పితే కూడిక, వెనక్కి తిప్పితే తీసివేత. తీసివేత సున్నా దాటితే గంట మోగేది. పొద్దున్న వంట అయ్యాక అప్ప కిటికీ దగ్గర పీట వేసుకుని మొదలుపెట్టేది. వీధిలో బెల్లం బళ్లు, లోపల పిడి చప్పుడు. అప్ప అలవాటు ఒకటి చెప్పాలి. షీటు పైనుంచి కిందకి ఒకసారి వేసేది, తర్వాత కిందనుంచి పైకి ఇంకోసారి వేసేది. రెండూ కలిస్తేనే ఆ వరస చివర చిన్న అక్షరాలతో "సరి" అని రాసేది. నాకు చిరాకొచ్చేది. ఒక్కసారి వేస్తే చాలదా అని ఎగిరేవాణ్ణి. ఆమె వినిపించుకునేది కాదు.

లెక్క దేని గురించో కొంచెం చెప్పాలి. నాది జింకు. జింకు పరమాణువులో ముప్పై ఎలక్ట్రాన్లు. అందులో లోపలివన్నీ కేంద్రాన్ని కరుచుకుని ఉంటాయి, బయటి వ్యవహారంలో తలదూర్చవు. కరెంటు మోసేవి పైనున్న రెండే. ముప్పైకీ లెక్క వెయ్యాలంటే ఒక జన్మ చాలదు. అందుకని లోపలివి అసలు లేవనుకుని, వాటి బదులు ఒక మెత్తటి ఉత్తుత్తి ఆకర్షణని పెడతాం. బయటి రెండిటికీ తేడా తెలియకూడదు, అంతే. దాన్ని సూడోపొటెన్షియల్ అంటారు. అప్ప దాన్ని ఉత్తుత్తి పొటెన్షియల్ అనేది. అందులో కీలకం ఒక అంకె. కేంద్రం నుంచి ఎంత దూరం వరకు ఈ ఉత్తుత్తి వ్యవహారం నడుస్తుందో చెప్పే వ్యాసార్థం. మేం రేడియస్ అనేవాళ్లం. ఒక రేడియస్ అనుకుని, లోపల్నుంచి మెట్టు మెట్టుగా లెక్క వేసుకుంటూ బయటికొస్తే, జింకు ఆవిరి వెలిగినప్పుడు ఆ వెలుగులో కొలిచిన శక్తి రావాలి. రాకపోతే రేడియస్ మార్చి మళ్లీ మొదటినుంచి. ఒక్కో ప్రయత్నానికి ముప్పై నాలుగు వరసలు, రెండ్రోజుల పిడి తిప్పుడు. అలా నెలన్నర తిప్పి అప్ప ఒక అంకె తేల్చింది. అక్కడికి తయారుచేయడం అయింది.

అసలు పని ఆ తర్వాతే. తయారైన దాన్ని పరీక్షించాలి. వెలుగుతో సంబంధం లేని ఇంకో సంగతికి, నేనైతే కరిగిన జింకు కరెంటుకి ఎంత అడ్డుపడుతుందో దానికి, అదే రేడియస్ పెట్టి లెక్కగట్టాలి. కొలిచిన విలువకి దగ్గరగా వస్తే మన ఉత్తుత్తి పొటెన్షియల్ మంచిది. రాకపోతే కాదు. దాపరికం లేని పరీక్ష.

రాలేదు. దాదాపు రెట్టింపు వచ్చింది.

"ఇదేటిరా, ఇంత తేడా?" అంది అప్ప షీటు నా ముందు పెట్టి.

"పిడి ఎక్కడో తప్పు తిప్పేవేమో, మళ్లీ సూడు," అన్నాను.

"పైనుంచి ఓపాలి, కిందనుంచి ఓపాలి ఏసేను. రెండూ సరే."

స్కాలర్‌షిప్పు ఆ వేసవితో ఆఖరు. గైడుగారు ఆ ఏడాది చివర రిటైరవుతారు. ఆయన వెళ్లిపోతే నా థీసిస్‌ని పట్టించుకునే నాథుడు లేడు. జింకు లోపలి ఎలక్ట్రాన్లలో కొన్ని మేమనుకున్నంత బుద్ధిగా ఉండవనీ, వాటిని లేవనుకోవడమే పొరపాటనీ చెప్పడానికి ఇంకో రెండేళ్లు కావాలి. అలా చెప్పి ఉంటే అదే మంచి థీసిస్ అయ్యేది. అప్పుడు నాకంత ఓపిక లేదు.

"రేడియస్ కొంచెం మార్చి ఏసి సూడప్పా. ట్రయలు," అన్నాను.

ఈ లెక్కలో ఒక మాయ ఉంది. రెండో దశాంశంలో ఒక్క అంకె కదిపితే చాలు, జవాబు ఎక్కడికో పోతుంది. మూడో ట్రయలుకి అచ్చంగా కొలిచిన విలువ వచ్చింది. నేను గంతేసినంత పని చేశాను. అప్ప మొహంలో సంతోషం లేదు.

"నాన బెల్లం ఎలా సూసేవోడో గుర్తుందేటి నీకు?" అంది.

గుర్తు లేకేం. నాన్న మార్కెట్లో సరుకు చూసి రకం చెప్పే పని చేసేవాడు. కోటవురట్ల నుంచి, ఎలమంచిలి నుంచి బళ్ల మీద బెల్లం దిమ్మలు వచ్చేవి.

"రైతు ముందుకి తోసిన దిమ్మ ఎప్పుడైనా ముట్టుకున్నాడా? బండి అడుగునించి తానే ఓటి లాగి, పగలగొట్టి, మధ్యలో ముక్క నోట్లో ఏసుకుని, అప్పుడు సెప్పేవోడు. నువ్వేటి సేత్తన్నావు? దిమ్మ నువ్వే వండేవు, నువ్వే ముందుకి తోసేవు, నువ్వే బాగుందంటన్నావు. జవాబు సూసి అంకె మార్సుకుంటే అది పరీచ్చేటిరా?"

"ట్రయలన్నాను కదా. ఆఖర్న పాత అంకే ఏత్తాను."

"ఏత్తావు కదా?"

"ఏత్తానంటే ఏత్తాను. నీకెందుకు, నువ్వు పిడి తిప్పు," అని కసిరాను.

ఆమె నమ్మింది. నమ్మి ఆ ట్రయలు షీట్లు విడిగా కట్టి, పైన "ట్రయలు" అని రాసి నాకిచ్చింది. థీసిస్‌లో నేను రాసింది ఇది: వెలుగు లెక్కనుంచి ఈ రేడియస్ వచ్చిందనీ, అదే రేడియస్ కరిగిన జింకు పరీక్షలో చక్కగా నెగ్గిందనీ. వేసిన అంకె మాత్రం ట్రయలు అంకె. పట్నంలో టైపు చేయించాను. అప్ప దాన్ని చూడలేదు. చూపించమని ఒకసారి అడిగింది. బైండింగుకి ఇచ్చానని చెప్పాను.

మా గైడుగారు నిదానస్తుడు. థీసిస్ మీద సంతకం పెట్టే ముందు డిపార్ట్‌మెంటులో ఉన్న అప్ప షీట్లు బీరువాలోంచి తీయించారు. చూపు మందగించి పెద్ద భూతద్దం పెట్టుకుని చదివేవారు. నన్ను పిలిచారు.

"ఏమయ్యా, ఈ షీట్ల చివర వచ్చిన రేడియస్ ఒకటి, నువ్వు రాసింది ఒకటి. ఏది నిజం?"

నాకు ఇప్పటికీ ఆ గది కళ్లకు కడుతుంది. గోడకి ఆనించిన నల్లబల్ల, దాని కింద రాలిన సుద్దపొడి, భూతద్దం కింద అప్ప చేతిరాత ఒక్కో అంకె బఠాణీగింజంత. షీట్లు నిజం అంటే థీసిస్ పోతుంది. థీసిస్ నిజం అంటే షీట్లు పోతాయి. ఆలోచించడానికి ఆయన నాకు టైమిచ్చారు కూడా. తొందరపెట్టలేదు.

"ఆ షీట్లలో పొరపాటు దొర్లిందండి. తర్వాత నేను చూసుకుని సరిచేశాను."

"ఎవరు వేశారివి?"

"కంప్యూటరండి."

"మీ అక్కగారే కదూ?"

"అవునండి."

ఆయన భూతద్దం బల్ల మీద పెట్టేశారు. "నలుగురు కుర్రాళ్ల పని ఆమె చేతిలో ఉంది," అన్నారు చివరికి. "ఒక్క చోట తప్పితే అన్నీ అనుమానమే. నాకు బాధగానే ఉందయ్యా." సంతకం పెట్టారు. నేను ఆ కాగితాలు పట్టుకుని మెట్లు దిగాను. అప్పుడు నాకు కలిగింది సిగ్గు కాదు. గండం గడిచిందన్న తేలిక. అది రాయకపోతే ఈ రాసిందంతా వృథా.

వారం తిరక్కుండా ఇంగ్లీషులో టైపు చేసిన ఉత్తరం వచ్చింది. లెక్కల్లో తప్పుల కారణంగా నెలాఖరుతో ఉద్యోగం లేదు, మిషన్ తిరిగి అప్పగించాలి. అప్ప దాన్ని రెండుసార్లు చదువుకుంది.

"ఏ షీట్లంటరా?"

"వెలుగు లెక్కవి."

"ఏ వరస?"

"సారు సెప్పలేదు."

"నిన్నడిగితే నువ్వయినా సెప్పాల్సింది, నేను రెండుసార్లు ఏత్తానని."

"సెప్పేను," అన్నాను.

నామీద అనుమానం రాలేదామెకి. తనమీదే వచ్చింది. నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులుంది. ఇంట్లో ఉన్న నకళ్లు ముందేసుకుని మొదటి వరసనుంచి మళ్లీ తిప్పడం మొదలుపెట్టింది. అదే జవాబు వచ్చింది. అయితే మిషనే పాడయి ఉంటుందని, కుట్టుమిషన్లు బాగుచేసే సాయిబుగారి కొట్టుకి రిక్షాలో పట్టుకెళ్లింది. నేనూ వెళ్లాను. ఆయన మూత విప్పి, చక్రాల పళ్లన్నీ కిరసనాయిలుతో తుడిచి, నూనె వేసి, అప్ప చెప్పిన గుణకారాలు వరసగా తిప్పి చూపించాడు.

"మిషన్ బంగారంలా ఉందమ్మా. నీ లెక్కే ఇంకోసారి సూసుకో," అన్నాడు.

ఆ పెద్దాయన మంచిమాటగానే అన్నాడు. అప్ప తలూపింది. మిషన్‌ని మళ్లీ తువ్వాలులో చుట్టి నేనే రైల్లో తీసుకెళ్లి అప్పగించాను. అది వెళ్లే ముందు రోజు ఆమె ఆ ముప్పై నాలుగు వరసల్నీ ఒక తెల్లకాగితాల నోటుబుక్కులోకి ఎక్కించుకుంది.

ఉద్యోగం పోయిన సంగతి రోలుగుంటకి ఎవరు మోసుకెళ్లారో తెలియదు. బెల్లం బళ్లు రోజూ వస్తూ పోతూ ఉండేవి, మాటలకేం కొదవ. పెద్దబావ పొద్దున్నే బండి కట్టుకుని వచ్చేశాడు. గుమ్మంలో ఆపి, లోపలికి రాకుండానే, "ఉజ్జోగం పోనాదంట గదమ్మా. ఇంకిక్కడేటి పని? మనింటికి ఎల్లిపోదాం," అన్నాడు. గొంతులో గెలిచినవాడి మెత్తదనం ఉంది.

అప్ప లోపలికొచ్చి గోడవార నిలబడింది. నావైపు చూసింది. ఉండిపో అప్పా, అని నేను అనాలి. నా తిండి నేను సంపాదించుకునే రోజు దగ్గర్లోనే ఉంది, ఇద్దరికి పెట్టలేనా? కాని ఆమె ఆ నోటుబుక్కు ముందేసుకుని కూచుని తన తప్పు వెతుక్కుంటూ ఉంటే, రోజూ దాన్ని చూస్తూ అన్నం తినడం నావల్ల కాదనిపించింది. నేను తలుపు గొళ్లెం వైపు చూస్తూ నిలబడ్డాను. ఆమె ట్రంకుపెట్టెలో రెండు చీరలు, నా పాత లాగరిథం పుస్తకం, ఆ నోటుబుక్కు సర్దుకుంది. బండి ఎక్కేటప్పుడు, "అన్నం గిన్నె మీద మూతుంది," అని చెప్పి వెళ్లింది.

నాకు డాక్టరేటు వచ్చింది. పరీక్షకులు మెచ్చుకున్నారు. నా అంకెని ఎవరూ మళ్లీ వేసి చూడలేదు. నెలన్నర పిడి తిప్పే తీరిక ఎవరికుంటుంది? వేరే ఊళ్లో కాలేజీలో లెక్చరరు ఉద్యోగం కూడా దొరికింది. పాఠం చెప్పేటప్పుడు సూడోపొటెన్షియల్ వస్తే ఆ పేజీ గబగబా దాటేసేవాణ్ణి. అప్పకి ఉత్తరాలు రాసేవాణ్ణి, క్షేమసమాచారాలు, వానలు, అంతే. ఆమె జవాబుల్లో ప్రతిసారీ ఆఖరున ఒక లైను ఉండేది: ఆ తప్పు ఇంకా దొరకలేదురా.

రెండేళ్ల తర్వాత రోలుగుంట వెళ్లాను. మధ్యాహ్నం. పెద్దబావ చెరుకు తోటకి వెళ్లాడు. అప్ప పశువుల పాక పక్కన, చిన్న అరుగు మీద కూచుని ఉంది. సగం జుట్టు తెల్లబడింది. ఒళ్లో అదే నోటుబుక్కు. అట్ట ఊడిపోతే గుడ్డతో కుట్టుకుంది. మిషన్ లేదు కదా, లాగరిథం పుస్తకంలో ఒక్కో అంకె వెతికి, కూడి, మళ్లీ వెనక్కి వెతికి, ఆ ముప్పై నాలుగు వరసలూ వేస్తోంది. నోటుబుక్కు నిండిపోతే చెరుకు లెక్కల చిత్తుకాగితాల వెనక వైపు వేసింది. కట్టలు కట్టి చూరులో దోపింది.

"ఎనిమిదిపాళ్లు ఏసేన్రా," అంది నన్ను చూసి. "ఎనిమిదిపాళ్లూ అదే వచ్చింది. సారు పెద్దమనిషి, ఊరికే అనరు. ఎక్కడో ఉంటాది. నాకే కనబడ్డం నేదు. నా బుర్రే పాడయిపోనాదేమో అని బెంగగా ఉంటాంది."

నిజం చెప్పేయడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదు. నోటిదాకా వచ్చింది. కాని ఆ పాకలో, ఆ పేడ వాసనలో, ఈ రెండేళ్లూ నా మూలంగానే అని చెప్పే ధైర్యం నాకు చాలలేదు. ఈ వెతుకులాట ఆగిపోతే చాలుననుకున్నాను. ఆమెకి మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

"దొరికిందప్పా. నేనే తర్వాత సూసేను. పదిహేడో వరసలో. ప్లస్ ఉండాల్సిన సోట మైనస్ ఏసేవు. సిన్నదే. ఎవరికైనా అవుతాది," అన్నాను.

అప్ప మొహం విప్పారింది. రెండేళ్లలో ఆ మొహం అలా విప్పారి ఉండదు. చెయ్యి చీరకి తుడుచుకుని, పేజీ తిప్పి, పదిహేడో వరస మీద వేలు పెట్టింది. ఒక్కో అంకె లోలోపల చదువుకుంటూ వేలు జరిపింది. చివరికంటా వెళ్లి మళ్లీ మొదటికి వచ్చింది. ఇంకోసారి చదివింది. నోటికొచ్చిన అంకె చెప్పి దొరికిపోయానని నాకు అప్పుడు అర్థమైంది. ఆ వరసలో తీసివేతే లేదు. అన్నీ కూడికలే. చివర "సరి" అని ఉంది.

వేలు అక్కడే ఆగింది.

"అయితే ట్రయలంకే ఏసేవన్నమాట," అంది.

నేను చూరులో దోపిన కట్టల వైపు చూశాను.

"నా లెక్క సరే."

"సరేనప్పా."

"రెండేళ్లు ఎతికేన్రా నేను," అంది. అరవలేదు, ఏడవలేదు. నోటుబుక్కు మూసి, దారం చుట్టి, నా పక్కన అరుగు మీద పెట్టింది. "ఇది నువ్వు పట్టుకెళ్లు. నాకింక దీంతో పని నేదు."

లోపల్నుంచి ఎవరో "ఓయ్" అని పిలిచారు. పశువులకి నీళ్లు పెట్టలేదట.

"నాతో వచ్చీప్పా," అన్నాను అప్పుడు. "ఇప్పుడే పోదాం. సాయంత్రం బస్సుంది."

ఆమె బాల్చీ అందుకుంటూ ఆగింది.

"ఆ రోజు బండి గుమ్మంలో ఉన్నప్పుడు నీ మొహం కేసి సూసేను," అని, నీళ్లు తోడడానికి నూతి దగ్గరికి వెళ్లిపోయింది.